దీనుల మొర వినే రాజ్యం: 72వ కీర్తన వెలుగులో బిషప్ అజరయ్య జీవితం



అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి మైత్రీవనం వైపు నడిస్తే కంటికి ముందుగా కనిపించేవి కోచింగ్ సెంటర్ల బోర్డులు. వారమంతా ఉద్యోగం కోసం పరుగెత్తే ఆ వీధుల్లో ఆదివారం ఉదయం ఇంకో శబ్దం వినిపిస్తుంది. మేడమీది అద్దె హాళ్ళలోంచి డోలక్, కీబోర్డు, స్తుతి పాటలు. ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటున్న మన పిల్లలు అక్కడ ప్రార్థిస్తారు. ఈ నగరం మీద, ఈ దేశం మీద క్రీస్తు ఏలుబడి రావాలని మొరపెడతారు. ఆ ప్రార్థనల్లో తరచు ఎత్తిపట్టే వాగ్దానం 72వ కీర్తన 8వ వచనం. అభిషిక్తుడైన రాజు ఒక సముద్రం నుంచి మరో సముద్రం వరకు, నది మొదలు భూమి అంచుల దాకా ఏలుతాడన్నది దాని భావం.

ప్రార్థన మంచిదే. అయితే హాస్టల్లో పక్క మంచం మీద పడుకునే హైందవ మిత్రుడు ఆ వచనం విని, మీ రాజు మా మీద ఏలుబడి చేస్తాడా, అంటే మీరంతా మా మీద అధికారం కోరుకుంటున్నారా అని అడిగితే మనం ఏం చెబుతాం? ఈ రోజుల్లో ఈ ప్రశ్న నవ్వుతూ అడిగేది కాదు. భయంతోనో కోపంతోనో అడిగేది. దానికి జవాబు మన దగ్గర లేకపోతే ఆ వచనాన్ని మనమే సరిగా చదవలేదని అర్థం.

ఆ జవాబును మాటల్లో కాక జీవితంలో చూపించిన ఒక మనిషి మన తెలుగు నేలలోనే ఉన్నాడు. సికింద్రాబాద్‌లో విజయవాడ రైలెక్కితే కాజీపేట, వరంగల్, మహబూబాబాద్ దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. ఆ ఊరి దేవాలయం పక్కన ఆయన సమాధి ఉంది. ఆయనే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన కథ చెప్పుకునే ముందు కీర్తనను ఒకసారి తెరుద్దాం.

72వ కీర్తన రాజు కోసం చేసిన ప్రార్థన. మొదటి వచనంలోనే కీర్తనకారుడు దేవుణ్ణి అడిగేది సైన్యం కాదు, ధనం కాదు. దేవుని న్యాయం రాజుకు ఇమ్మని అడుగుతాడు. అంటే అధికారం రాజు సొంతం కాదు, పైనుంచి అప్పగించినది. ఆ తరువాత 8వ వచనంలో విశాలమైన రాజ్యం, 10వ వచనంలో తర్షీషు, షేబ, సెబా రాజులు తెచ్చే కానుకలు, 11వ వచనంలో రాజులందరి నమస్కారం. మనం సాధారణంగా అక్కడితో ఆగి హల్లెలూయా అంటాం. కానీ హీబ్రూ మూలంలో 12వ వచనం ఎందుకంటే అనే మాటతో మొదలవుతుంది. రాజులు ఎందుకు సాగిలపడతారు? ఎందుకంటే ఈ రాజు మొరపెట్టే దరిద్రుణ్ణి విడిపిస్తాడు. సహాయం చేసేవాడు లేని దీనుణ్ణి పట్టించుకుంటాడు. వారి రక్తం అతని దృష్టికి విలువైనది. ఆ ఒక్క చిన్న మాట మీద కీర్తనంతా నిలబడి ఉంది. రాజ్యం విస్తరించడానికి కారణం కత్తి కాదు, కరుణ.

ఈ కీర్తనకు పైన సొలొమోను పేరుంది. కానీ సొలొమోను రాజ్యం చివరికి ప్రజల మెడ మీద బరువైన కాడిగా మారిందని రాజుల గ్రంథమే చెబుతోంది. ఆయన చనిపోగానే జనం రెహబాము దగ్గరకు వచ్చి అడిగిన మొదటి సంగతి ఆ కాడిని తేలిక చేయమనే. దావీదు సింహాసనం మీద కూర్చున్న రాజు ఒక్కడూ ఈ కీర్తనకు సరితూగలేదు. అందుకే యూదుల ప్రాచీన అరామిక్ వివరణ ఇందులోని రాజును మెస్సీయ అనే పిలిచింది. జెకర్యా ప్రవక్త 9వ అధ్యాయంలో 8వ వచనపు మాటలనే తీసుకుని, వాటిని గాడిద నెక్కి దీనుడై వచ్చే రాజుకు వర్తింపజేశాడు. తూర్పు జ్ఞానులు కానుకలు తెచ్చి పసిబిడ్డ ముందు సాగిలపడిన సంగతిని మత్తయి రాసినప్పుడు ఈ కీర్తన మనకు జ్ఞాపకం వస్తుంది. పడమటి సంఘాలు ప్రాచీన కాలం నుంచి ఎపిఫనీ పండుగ ఆరాధనలో ఈ కీర్తన మాటలు వాడుతున్నాయి. ఈ పండుగ పేరును గుర్తుంచుకోండి. మళ్ళీ దాని దగ్గరకు వస్తాం.

అజరయ్య గారు తెలుగువారు కాదు. 1874 ఆగస్టు 17న తమిళ దేశంలో తిరునెల్వేలి ప్రాంతపు వెళ్ళాళన్‌విళై అనే చిన్న గ్రామంలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ గ్రామ సంఘ కాపరి. అజరయ్య చిన్నవయసులో ఉండగానే తండ్రి ప్రభువు నొద్దకు వెళ్ళిపోయారు. తల్లి పెంపకంలో భక్తి, క్రమశిక్షణ రెండూ అబ్బాయి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన తరువాత 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, దక్షిణ దేశమంతా తిరిగి యువకుల మధ్య పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన మొదటివారిలో ఆమె ఒకరు.

1902లో ఆయన మిత్రుడు షేర్వుడ్ ఎడ్డీతో కలిసి సిలోన్‌లోని యాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ విశ్వాసులు తమ సొంత డబ్బుతో మిషనరీలను పంపడం చూసి సిగ్గుపడ్డారు. తిరునెల్వేలిలో అంత పెద్ద సంఘం ఉండి, బయటివారికి సువార్త చెప్పేవారిని ఒక్కరినీ తానుగా పంపలేదేమిటన్న బాధ ఆయనను వదల్లేదు. మరుసటి ఏడు, 1903లో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. పనివారు భారతీయులే, డబ్బు భారతీయులదే, నిర్వహణ భారతీయులదే అన్నది దాని నియమం. 1905 క్రిస్మస్ రోజున శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలోనూ ఆయన ముందున్నారు.

తిరునెల్వేలి సొసైటీ పంపిన పనివారు వచ్చి చేరింది మన నేలకే. నిజాం రాజ్యంలోని డోర్నకల్ చుట్టుపక్కల పల్లెలు వారి పొలం. ఇతరులను పంపి తాను ఇంట్లో ఉండటం అజరయ్య గారికి తగదనిపించింది. పేరున్న ఉద్యోగం, పట్నం జీవితం, సొంత భాష వదిలి, 1909లో గురువుగా అభిషేకం పొంది ఆయనే డోర్నకల్ వచ్చారు. అప్పటికి ఆయన వయసు 35. ఆ వయసులో అక్షరాలు దిద్దే పిల్లవాడిలా తెలుగు నేర్చుకున్నారు. ఏలడానికి వచ్చినవాడు తన భాషను ఎదుటివారి చేత నేర్పిస్తాడు. సేవ చేయడానికి వచ్చినవాడు ఎదుటివారి భాష తాను నేర్చుకుంటాడు.

1910లో స్కాట్లండ్ రాజధాని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ మాట్లాడిన కొద్దిమంది ఆసియావారిలో అజరయ్య గారొకరు. విదేశీ మిషనరీలకూ స్వదేశీ పనివారికీ మధ్య ఉన్న ఎడాన్ని ఆయన నిండు సభలో బయటపెట్టారు. మిషనరీలు చేసిన త్యాగాలను మెచ్చుకుంటూనే, ఆ త్యాగాలతో పాటు స్నేహం కూడా కావాలని అడిగారు. ఒకే బల్ల దగ్గర కూర్చోలేనివారు ఒకే ప్రభువును ఎలా ప్రకటిస్తారన్నదే ఆయన బాధ. సభలో కొందరికి కోపం వచ్చింది. కానీ ఆ మహాసభలో జరిగిన ప్రసంగాల్లో ఈనాటికీ లోకం గుర్తుపెట్టుకున్నది అదే.

రెండేళ్ళకు మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ చొరవతో అజరయ్య గారి పేరు బిషప్ పదవికి వచ్చింది. తెల్లవారిపై ఒక నల్లవాడు అధికారం చేయడమా అని అభ్యంతరాలు లేచాయి. భారతీయుల్లోనే కొందరికి నమ్మకం కలగలేదు. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన ఆంగ్లికన్ సంఘానికి మొట్టమొదటి భారతీయ బిషప్‌గా ప్రతిష్ఠితులయ్యారు. అప్పుడాయనకు 38 ఏళ్ళు. తరువాత 32 ఏళ్ళు డోర్నకల్ బిషప్‌గానే ఉన్నారు. మొదట చిన్నదైన ఆ అధ్యక్ష మండలం క్రమంగా కృష్ణా ప్రాంతపు సంఘాలను కూడా కలుపుకుని పెద్దదైంది. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

ఇంత అధికారం చేతికొచ్చినవాడు ఏం చేశాడు? ఎద్దుబండి ఎక్కి మాల, మాదిగ వాడలకు వెళ్ళాడు. ఊరి బావి దగ్గరకు రానివ్వని మనుషులు వారు. దొర ముందు నిలబడటానికి కూడా అర్హత లేదని తరతరాలుగా విన్నవారు. వారి మధ్య నేల మీద కూర్చుని ఆయన వాక్యం చెప్పారు. బాప్తిస్మం పొందినవారిని తమ చేతులు తమ తలల మీద పెట్టుకోమనేవారు. తాము బాప్తిస్మం పొందినవారమనీ, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అనీ పౌలు మాటను తమ మాటగా పలకమనేవారు. ఆలోచించండి. వెట్టి మూటలు మోసిన తల అది. ఆ తల మీద ఇప్పుడు తన చేయే తాను పెట్టుకుని, రాజు పంపిన రాయబారిని నేను అని చెబుతోంది ఒక మాదిగ తల్లి. దీనుల ప్రాణం రాజు దృష్టికి విలువైనదన్న 14వ వచనానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం ఏముంటుంది?

ఆయన బోధ ఓదార్పుతో ఆగలేదు. తాగుడు మానాలి. ఇల్లు, వాడ శుభ్రంగా ఉండాలి. పిల్లలు బడికి రావాలి. మాలలు, మాదిగలు ఒకే పాత్రలోంచి ప్రభువు బల్లలో పాలుపొందాలి. పేదవాడైనా పిడికెడు బియ్యమైనా కానుకగా తేవాలి, ఎందుకంటే ఇచ్చేవాడు ఇక బిచ్చగాడు కాడు. క్రైస్తవుడు ఇవ్వవలసిన కానుక గురించి ఆయన ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. డోర్నకల్‌లో గ్రామోపదేశకులకు శిక్షణ ఇచ్చేటప్పుడు భర్తలతో పాటు భార్యలకూ చదువు చెప్పించారు. ఆ పనిలో అన్బు అమ్మగారి కష్టం ఎంతో ఉంది. తెలుగు కీర్తనలు, కోలాటం, జానపద బాణీలు ఆరాధనలోకి రావడానికి ఆయన తలుపు తెరిచారు.

తరువాత జరిగింది చూడండి. 1920లు, 1930లలో ఆ పల్లెల్లోని భూములున్న కులాలవారు కూడా సంఘంలోకి రావడం మొదలైంది. ఎవరో పెద్ద పండితుడు వాదించి గెలవడం వల్ల కాదు. తమ పొలంలో పనిచేసే మనిషి తాగుడు మానాడు, భార్యను కొట్టడం మానాడు, తలెత్తి నడుస్తున్నాడు, అతని దేవుడెవరో చూద్దాం అని వచ్చారు. జె. వాస్కమ్ పికెట్ అనే మిషనరీ 1933లో వెలువరించిన పరిశోధన గ్రంథం ఇలాంటి సంగతులను నమోదు చేసింది. ఇది 11, 12 వచనాల వరుసే కదా. పెద్దలు వచ్చి తలవంచారు, ఎందుకంటే దీనులు లేవనెత్తబడటం కళ్ళారా చూశారు. 1930ల నడిమికి ఆ మండలంలో ఆంగ్లికన్ విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

ఇక ఆయనకు అసలు పరీక్ష వచ్చింది 1932లో. ఆ ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం మతాల వారీగా ప్రత్యేక నియోజక వర్గాలు ప్రకటించింది. క్రైస్తవులకు వేరే సీట్లు, క్రైస్తవులే వేసే ఓట్లు. రెండు లక్షల మంది వెనుక ఉన్న నాయకుడికి ఇది కోరకుండానే వచ్చిన అధికారం. అజరయ్య గారు దానిని వ్యతిరేకించారు. సంఘం తన వాటా కోసం పోట్లాడే ఒక వర్గంగా మారితే అది పొరుగువాడికి సువార్త చెప్పే అర్హతను పోగొట్టుకుంటుందని ఆయన వాదించారు. నేడు కులమతాల లెక్కలు వేసే మనలో ఎంతమందికి ఆ మాట మింగుడుపడుతుంది? కానీ 72వ కీర్తన రాజుకు ఓటు బ్యాంకు అక్కరలేదని ఆయనకు తెలుసు.

అంతలోనే రెండో వైపు నుంచి దాడి వచ్చింది. 1935 అక్టోబరులో అంబేడ్కర్ హిందువుగా చనిపోనని ప్రకటించాక, అణగారిన వర్గాల మతాంతరం దేశమంతా చర్చ అయింది. గాంధీజీ సామూహిక మతాంతరాలను గట్టిగా తప్పుపట్టారు. పేదల అమాయకత్వాన్ని మిషనరీలు వాడుకుంటున్నారన్నది ఆయన అభిప్రాయం. అజరయ్య గారు దేశభక్తుడే, గాంధీజీ అంటే గౌరవం ఉన్నవారే. అయినా ఇక్కడ తలవంచలేదు. పేదవాడికీ మనసు ఉంది, ఆత్మ ఉంది, తన దేవుణ్ణి తాను ఎంచుకునే హక్కు ఉంది అన్నదే ఆయన నిలబడిన చోటు. సంఘానికి సీట్లు వద్దన్న మనిషే, దీనుడి స్వేచ్ఛ దగ్గరకు వచ్చేసరికి మహాత్ముడి ముందు కూడా వెనక్కి తగ్గలేదు. తన కోసం అధికారం అడగకపోవడం, దీనుడి కోసం మాట్లాడకుండా ఉండకపోవడం, ఈ రెండూ కలిస్తేనే ఆ కీర్తన.

ఆయనలో లోపాలు లేవని కాదు. క్రమశిక్షణ విషయంలో కఠినుడని, తండ్రిలా కాక కొన్నిసార్లు దొరలా వ్యవహరించాడని, ఇంగ్లీషు సంఘపు ఆచారాలను మరీ పట్టుకున్నాడని ఆయనపై విమర్శలున్నాయి. సొలొమోనే సరితూగని కీర్తనకు ఏ బిషప్ సరితూగుతాడు? మనం పూజించేది అజరయ్యను కాదు. ఆయన ఎవరి వైపు చూపించాడో ఆ రాజును.

ఇప్పుడు ఎపిఫనీ సంగతి. డోర్నకల్ దేవాలయం కట్టడం ఏళ్ళ తరబడి సాగింది. డబ్బు లేక పని ఆగింది, మళ్ళీ మొదలైంది. పూర్తయ్యాక చూస్తే దాని గుమ్మటాలు, మీనార్లు మసీదును తలపిస్తాయి. రాతి స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి. తామర పువ్వు, సిలువ పక్కపక్కనే ఉంటాయి. పొరుగువారి కళను కొల్లగొట్టి తెచ్చినది కాదది. జనములు తమ శ్రేష్ఠమైనవి రాజు పాదాల దగ్గర పెట్టడానికి గుర్తు. ఆ దేవాలయాన్ని 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగ నాడు, ప్రతిష్ఠించారు. దాని పేరు కూడా ఎపిఫనీ కథీడ్రలే. రాజులు కానుకలు తెచ్చిన పండుగ రోజున, ఒకప్పుడు గుడి మెట్లు ఎక్కనివ్వని మనుషులు తమ కానుకలతో ఆ గుమ్మం దాటారు.

ఆరేళ్ళ తరువాత, 1945 జనవరి 1న, పల్లెల పర్యటన ముగించుకుని వచ్చి జ్వరంతో ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు. వయసు 70. 1919 తరంగంబాడి సమావేశం నుంచి ఆయన కష్టపడిన సంఘ ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా నెరవేరింది. ఆయన దానిని చూడలేదు.

ప్రియులారా, మళ్ళీ మన వీధిలోకి వద్దాం. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట చౌరస్తా నడిచివెళ్ళే దూరమే. అక్కడ నిమ్స్ ఆసుపత్రి ముందు ఏ ఉదయమైనా నిలబడి చూడండి. చేతిలో రిపోర్టుల కవరు, చంకలో చద్ది మూట, ఎవరిని ఏమడగాలో తెలియని ముఖాలు. వారిలో మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి తెల్లవారుజాము రైలుకు వచ్చినవారూ ఉంటారు. అజరయ్య బండి తిరిగిన పల్లెల మనవలు, మునిమనవలు. సహాయం చేసేవాడు లేని దీనుడు అని కీర్తన చెప్పింది వీరి గురించే. మన ఆరాధన హాలుకూ ఆ గేటుకూ మధ్య దూరం ఎంత?

మన బోర్డుల మీద పేర్ల ముందు బిరుదులు పెరుగుతున్నాయి. సంఘాల్లో పదవుల కోసం కోర్టు మెట్లు ఎక్కేవారు ఉన్నారు. అన్యజనుల అధికారులు తమ వారిపై ప్రభుత్వం చేస్తారని, మీలో అలా ఉండకూడదని ప్రభువు శిష్యులతో చెప్పిన సంగతి మనకు తెలుసు. మార్కు 10వ అధ్యాయం కంఠతా వచ్చు కూడా. అయినా 8వ వచనాన్ని గట్టిగా పలికి 12వ వచనం దగ్గర గొంతు తగ్గిస్తున్నాం.

హాస్టల్లో పక్క మంచం మీది మిత్రుడికి మన జవాబు ఇదే కావాలి. అవును, మా రాజు ఏలుతాడు. భూమి అంచుల దాకా ఏలుతాడు. ఆయన ఏలుబడి వచ్చినచోట నీ సీటు పోదు, నీ ఇల్లు పోదు, నీ భాష పోదు. నీ ఊళ్ళో ఎవరూ పట్టించుకోని మనిషి తలెత్తి నడుస్తాడు. ఈ మాట నోటితో చెప్పడం తేలిక. అది నిజమని ఆ మిత్రుడు నమ్మాలంటే అతను జ్వరంతో పడుకున్న రాత్రి మనం గంజి కాచి ఇవ్వాలి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురు యువకులు పంజాగుట్ట వైపు నడిచి, దారి తెలియని ఒక ముసలమ్మకు చీటీ రాయించి, వరుసలో ఆమె పక్కన నిలబడాలి.

72వ కీర్తన దేవుని మహిమ భూమి అంతటా నిండాలన్న ప్రార్థనతో, రెండు ఆమేన్‌లతో ముగుస్తుంది. మొదటి ఆమేన్ మన పెదవులది అనుకుంటే, రెండోది మన చేతులది కావాలి. ఆ కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.